స్క్రిప్టు నుంచి స్టేజీకి: 'కన్యాశుల్కం' ముందు పెట్టుకుని నాటకాన్ని ఎలా చదవాలి, ఎలా ఆడాలి

కాలేజీ వార్షికోత్సవానికైనా, పరిషత్తు పోటీకైనా, అమెరికాలో తెలుగు సంఘం సభకైనా నాటకం అనుకోగానే వచ్చే మొదటి ప్రశ్న "ఏ పాత్ర ఎవరికి?" అని. ఆ ప్రశ్న కొన్నాళ్లు ఆగాలి. ముందు తేల్చుకోవాల్సింది రచయిత ఏం రాసిపెట్టాడు, ఏం మనకి వదిలేశాడు అని. మాటలు రాసింది ఆయన. ఆ మాట ఎవరిని చూసి అనాలి, అనే ముందు ఎంతసేపు ఆగాలి, అప్పుడు పక్కవాడు ఏం చేస్తుంటాడు అన్నవి చాలావరకు రాయలేదు. డైరెక్టరుకీ నటుడికీ పని ఉండేది అక్కడే. ఆ ఖాళీలు కనిపెట్టలేనివాళ్లే సొంత డైలాగులు చేర్చడానికి తయారవుతారు.

ఉదాహరణకి గురజాడ 'కన్యాశుల్కం' పట్టుకుందాం. కథ అందరికీ తెలుసు, పుస్తకం తేలిగ్గా దొరుకుతుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి హక్కుల చిక్కు లేదు. మీరు వేసేది ఇప్పటి రచయిత నాటకమైతే, లేదా మన దేశ చట్టం ప్రకారం రచయిత పోయి 60 ఏళ్లు దాటకపోతే, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కోతలు పెట్టే ఆలోచన ఉంటే ఆ సంగతి కూడా అందులోనే అడగండి. ప్రదర్శన రోజు రచయిత ముందు వరసలో కూర్చుని తెల్లమొహం వేస్తే అందరికీ ఇబ్బంది.

1. చేతిలో ఉన్నది ఏ ప్రతి?

'కన్యాశుల్కం' మొదట 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకం అన్నంతగా తిరగరాసి పెంచారు. మనకి నోటికొచ్చిన డైలాగులున్నది ఈ ఏడంకాల రెండో కూర్పులోనే. బృందంలో తలా ఒక ప్రచురణ పట్టుకొస్తే రీడింగు రోజే గందరగోళం మొదలవుతుంది. ఒకే ప్రతి జిరాక్సు తీయించి, పేజీ నంబర్లు వేసి అందరికీ ఇవ్వండి.

రచయిత పీఠిక రాసి ఉంటే వదలకండి. 1897 కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తీయిస్తే, అసంపూర్ణంగానే 1,034 తేలాయి. వాళ్లలో 99 మంది పెళ్లికూతుళ్లకి అయిదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఏడాది. ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. మొదటి రోజే నటులందరికీ ఈ లెక్క చదివి వినిపించండి. ముసలి లుబ్ధావధాన్లుకి తన చిన్న కూతురు సుబ్బినిచ్చి పద్దెనిమిది వందలు పుచ్చుకోవడం గురించి అగ్నిహోత్రావధాన్లు మాట్లాడేటప్పుడు అది సంతలో బేరంలా ఎందుకు వినిపించాలో ఇక మీరు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ సుబ్బికి నాటకంలో మాటలు చాలా తక్కువ. అందరూ ఆ పిల్ల గురించే కొట్టుకుంటుంటే ఆ పిల్ల స్టేజీ మీద ఓ మూల గవ్వలాడుకుంటూ కనిపించాలా, అసలు కనిపించకూడదా? ఇలాంటివి పీఠిక చదివితేనే తడతాయి.

2. చదవడం మూడు రకాలు

మొదటిసారి పెన్సిలు లేకుండా, ఒక్క బిగిన చదవండి. ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ విసుగొచ్చింది అన్నది గుర్తుపెట్టుకుంటే చాలు. రేపు ప్రేక్షకుడికి కలిగేది అదే.

రెండోసారి అందరూ గుండ్రంగా కూర్చుని పైకి చదవండి. ఎవరూ నటించొద్దు. పాత్రలు మార్చుకుంటూ చదివితే మంచిది. గిరీశం వేస్తానని ముందే గొంతు సవరించుకుంటున్నవాడి చేత పూటకూళ్లమ్మ మాటలు చదివించండి.

మూడోసారి పెన్సిలు తీయండి. ఒక్కో పాత్రకి మూడు గళ్లు గీయండి: తన గురించి తాను చెప్పుకున్నది, తన గురించి పక్కవాళ్లు అన్నది, తను నిజంగా చేసింది. గిరీశం మొదటి గడి నిండిపోతుంది, మూడో గడిలో అప్పులూ పారిపోవడాలే మిగులుతాయి. సాని మధురవాణికి దీనికి తారుమారుగా వస్తుంది, ఆవిడ తన గురించి చెప్పుకునేదానికన్నా చేసేది ఎక్కువ. ఈ కాగితం చూసుకున్నాకే పాత్రలు పంచండి.

3. తెర లేచిన మొదటి అయిదు నిమిషాలు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. మొదటి సీను పద్ధతి దొరికితే మిగతా నాటకం చాలావరకు దొరికినట్టే.

విజయనగరం బొంకులదిబ్బ. సాయంకాలం. గిరీశం ఒంటరిగా మాట్లాడుతుంటాడు. సంతలో సామాను కొనిస్తానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి సానిదాని మీద ఖర్చుపెట్టాడు. ఆ పొద్దున్నే పూటకూళ్లింట్లో పెద్ద గొడవైంది. ఇక ఈ ఊళ్లో ఉండడం కుదరదు, ఎక్కడికి ఉడాయించాలి అని ఆలోచన. అంతలో శిష్యుడు వెంకటేశం వస్తాడు. పరీక్ష తప్పాడు, ఇంటికెళ్లాలంటే భయం, ఎదురుగా కిస్మిస్ సెలవులు. గిరీశానికి దారి దొరికింది.

మామూలుగా తెర లేవగానే ఏం చూస్తాం? నోట్లో చుట్ట, చేతిలో కర్ర, దర్జాగా అటూ ఇటూ పచార్లు. చప్పట్లు పడతాయి. కానీ స్క్రిప్టులో ఉన్న మనిషి సంగతి చూడండి: జేబులో డబ్బుల్లేవు, ఈ రాత్రి భోజనం ఎక్కడో తెలీదు. ఆ దర్జా ఎవరికోసం? చూసేవాడు వచ్చాకే కదా దర్జా అవసరం. అందుకని ఇలా ప్రయత్నించండి. వెంకటేశం రాకముందు గిరీశాన్ని తగ్గించండి, లెక్కలేసుకునే మనిషిలా, కొంచెం టెన్షన్‌గా. వెంకటేశం వింగులో (స్టేజీ పక్కన) కనిపించిన క్షణంలో వెన్ను నిటారవ్వాలి, గొంతు మారాలి, చుట్ట అప్పుడు వెలగాలి. ఒక్క మాట చేర్చకుండా, ప్రేక్షకుడికి మనిషి మొత్తం అర్థమైపోతాడు.

ఇంకో ప్రశ్న ఉంది. ఆ స్వగతం ఎవరితో? మూడు దార్లున్నాయి: తనలో తను, ఎదురుగా ఉన్న ప్రేక్షకులతో, లేదా ఏదో పనిచేస్తూ గాల్లోకి. మూడూ రిహార్సల్లో చేయించి చూడండి. నాకైతే ప్రేక్షకులతో మాట్లాడించడమే ఇష్టం. గిరీశం వినేవాడు లేకపోతే బతకలేని మనిషి. పైగా ఆ రహస్యాలన్నీ ముందే మనకి చెప్పేశాడు కాబట్టి మనం కూడా వాడి మోసాల్లో భాగస్తులమవుతాం. చివర్లో "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అన్నప్పుడు అదే ప్రేక్షకుల వైపు తిరిగి అంటాడు. నాటకం మొదట్లో తీసుకున్న ఒక నిర్ణయం ఏడో అంకంలో ఇలా అక్కరకొస్తుంది. ఏ దారి పట్టినా నాటకమంతా అదే ఉంచండి. ఒక సీనులో ప్రేక్షకులతో, ఇంకో సీనులో గోడతో మాట్లాడితే చూసేవాళ్లకి లెక్క తప్పుతుంది.

4. ప్రతి సీనుకీ: ఎవరికి ఏం కావాలి?

స్క్రిప్టు మార్జిన్‌లో ప్రతి పాత్ర పక్కనా ఒకే వాక్యం రాయించండి, "ఈ సీనులో నాకు ఫలానాది కావాలి" అని. 'కోపంగా ఉన్నాను', 'బాధగా ఉన్నాను' అని రాస్తే ఒప్పుకోకండి, వాటితో నటుడు చేయగలిగేదేమీ ఉండదు. 'ఇరవై రూపాయలు వసూలు చేసుకోవాలి' అని రాస్తే ఉంటుంది.

మొదటి అంకంలోనే మంచం సీను చూడండి. మధురవాణి ఇల్లు. మధురవాణిని ఉంచుకోవడానికి వచ్చిన రామప్పంతులూ, గిరీశమూ ఇద్దరూ చివరికి ఒకే మంచం కిందికి చేరతారు, పూటకూళ్లమ్మ చీపురు పట్టుకొస్తుంది. ఇది నవ్వించే సీనని అందరికీ తెలుసు కాబట్టి అందరూ నవ్వించాలని చూస్తారు, అక్కడే చెడుతుంది. పూటకూళ్లమ్మ వేసే నటికి చెప్పండి: నువ్వు నవ్వించొద్దు, నువ్వు నాలుగు మెతుకులు వండిపెట్టి బతికే మనిషివి, నీ డబ్బు పోయింది. ఆవిడ కోపం నిజమైనకొద్దీ మంచం కిందవాళ్ల అవస్థ నవ్వు పుట్టిస్తుంది. మధురవాణి ఆ గొడవంతటిలో ఏం చేస్తుంటుంది? కంగారు పడుతుందా, తమాషా చూస్తుందా? ఆవిడ కంగారు పడితే పాత్ర ఆ సీనులోనే పడిపోతుంది.

సెట్టు విషయం కూడా ఇక్కడే. మంచాన్ని తెరకి సమాంతరంగా వేయకండి, కొంచెం ఏటవాలుగా వేయండి. ఇద్దరు పెద్దమనుషుల మొహాలు ముందు వరస నుంచే కాదు, హాలు చివరి వరస నుంచి కూడా కనపడేంత ఎత్తుండాలి. దుప్పటి కిందికి వేలాడితే ఆ సీను అక్కడితో సరి. మంచం అద్దెకి తెచ్చేవాళ్లు సాధారణంగా ప్రదర్శన రోజు మధ్యాహ్నం తెస్తారు, అప్పుడు అది అడుగున్నర ఎత్తే ఉందని తెలుస్తుంది. రిహార్సల్స్ మొదలైన వారంలోనే కొలత ఇచ్చేయండి.

5. నవ్వు ఎవరి మీద పడాలి?

హాస్య నాటకానికి డైరెక్టరు తీసుకునే నిర్ణయాల్లో ఇది పెద్దది. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు భార్య వెంకమ్మ ముచ్చటపడి, గిరీశాన్నీ కొడుకు వెంకటేశాన్నీ ఇంగ్లీషులో మాట్లాడమంటుంది. వాళ్లు 'ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్' లాంటి ముక్కలు అప్పజెప్పి దాన్నే సంభాషణగా చలామణీ చేస్తారు. ఈ సీనులో వెంకమ్మ వేసేవాళ్లు నోరు తెరుచుకుని అమాయకత్వం ఒలకబోస్తే నవ్వు ఆవిడ మీద పడుతుంది, 'ఇంగ్లీషు రాని ఆడమనిషి' అని. ఆవిడ కొడుకు చదువు చూసుకుని మురిసిపోతున్న తల్లి. ఆ మురిపెం నిజంగా ఉంటే నవ్వు వెంటనే గురువూ శిష్యుల దొంగాట మీదికి మళ్లుతుంది. మాటలు అవే, మారింది వెంకమ్మ చూపు ఒక్కటే.

ఇప్పటి ప్రేక్షకుల్లో చాలామందికి ఇంగ్లీషు వచ్చు. గురజాడ కాలంలో ఆ నాలుగు ముక్కలు ఒక అధికారం. ఇవాళ అదే బరువు రావాలంటే వింటున్న అగ్రహారం వాళ్ల స్పందన బలంగా ఉండాలి. దీనికోసం గిరీశం డైలాగుని ఇప్పటి ఇంగ్లీషుకి మార్చేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి.

యాస గురించి ఒక్కమాట. పనివాడు అసిరిగాడి మాట, అవధాన్ల మాట, మధురవాణి మాట వేరువేరుగా ఉంటాయి. గుంటూరు నటుడో వరంగల్ నటుడో విజయనగరం యాసని అరకొరగా పట్టుకుని సినిమా కమెడియన్‌లా సాగదీస్తే ఆ ప్రాంతం వాళ్లకి ఒళ్లు మండుతుంది. అటువైపు మనిషి చేత చదివించి ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. పట్టుబడకపోతే యాస వదిలేసి, గురజాడ రాసిన మాటల్ని ఉన్నవున్నట్టు, సొంత గొంతుతో పలకడం మేలు.

6. రచయిత చెప్పీ చెప్పని చోటు

ప్రతి మంచి నాటకంలోనూ ఒకటో రెండో చోట్ల పాత్ర ఒక పని చేస్తుంది, కారణం కూడా చెప్తుంది, అయినా మనకి అనుమానం మిగులుతుంది. ఏడో అంకంలో మధురవాణి మగవేషంలో, సానుల్ని దగ్గరికి రానివ్వని వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి వస్తుంది. లుబ్ధావధాన్లుని ఖూనీ కేసులోంచి బయటపడేసే దారి ఆవిడ దగ్గరుంది, దానికి బదులు ఒక ముద్దు అడుగుతుంది. చివరికి ఆయన సిద్ధపడితే ఆవిడే ఆపేస్తుంది. చెడనివాళ్లని చెడగొట్టొద్దని తల్లి చెప్పిందంటుంది.

నటి నిర్ణయించుకోవాలి. నిజంగానే తల్లి మాటా? తన పంతం నెగ్గించుకుని చూడాలనుకుని, నెగ్గాక జాలిపడిందా? లేక ఆ క్షణంలో ఆయన మీద గౌరవం పుట్టి అప్పటికప్పుడు ఆ మాట కల్పించిందా? మూడూ స్క్రిప్టుకి సరిపోతాయి, కానీ మూడూ ఒకేసారి ఆడలేం. ఒకటి ఎంచుకున్నాక ముందు సీన్లు వెనక్కి చదువుకుంటూ రావాలి. తల్లి మాట నిజమైతే మధురవాణికి మొదటినుంచీ ఒక కట్టుబాటు ఉన్నట్టు కనిపించాలి. అప్పటికప్పుడు కల్పించిందైతే ఆ వాక్యానికి ముందు ఒక చిన్న ఆగడం కావాలి, ఆ నిశ్శబ్దంలో మొహం కనపడాలి. దానికి తగ్గట్టు లైటు ఉండాలి. మీ నిర్ణయం సౌజన్యారావు పాత్రధారికి మాత్రం చెప్పకండి. ఆయన నిజంగా తెల్లబోతేనే సీను పండుతుంది.

7. నటుడికీ డైరెక్టరుకీ తేడా వస్తే

"నా పాత్ర ఇలా చేయదు సార్" అని నటుడు అన్నాడనుకోండి, గొంతు పెంచకండి. "ఏ పేజీలో ఉంది?" అని అడగండి. పేజీ చూపిస్తే మీరు ఒప్పుకోవాలి. చూపించలేకపోతే అతను ఒకసారి మీరు చెప్పినట్టు చేసి చూడాలి. పేజీ రెండు రకాలుగానూ ఒప్పుకుంటే డైరెక్టరు మాటే చెల్లాలి, ఎందుకంటే నాటకం మొత్తాన్ని బయటినుంచి చూస్తున్నది అతనొక్కడే. ఈ మూడు సూత్రాలు మొదటి రోజే చెప్పేస్తే సగం అలకలు తగ్గుతాయి.

రచయితతోనే తేడా రావచ్చు. రష్యన్ రచయిత చెహోవ్ 'చెర్రీ ఆర్చర్డ్'ని తాను కామెడీ రాశానని మొత్తుకున్నాడు, 1904లో మాస్కో ఆర్ట్ థియేటర్లో డైరెక్టరు స్తానిస్లావ్‌స్కీ దాన్ని విషాదంగా నిలబెట్టాడు. చెహోవ్‌కి నచ్చలేదు. ఆ ప్రదర్శన మాత్రం చరిత్రలో నిలిచింది. ఇది చదివి ధైర్యం తెచ్చుకునే ముందు ఒకటి గమనించండి, మాటలు మార్చి కాదు, అవే మాటల స్వరం మార్చి వాళ్లు గొడవపడ్డారు.

8. కత్తెర

ఏడంకాలూ ఆడడం ఇవాళ దాదాపు ఎవరి వల్లా కాదు. రెండు గంటలకి కుదించాలంటే సీన్ల లెక్కన కాకుండా, దారాల లెక్కన కోయండి. సుబ్బి పెళ్లి ఒకటి, సుబ్బి అక్క, వితంతువు బుచ్చమ్మతో గిరీశం కథ ఒకటి, మధురవాణి ఒకటి. ఏది ముఖ్యమో తేల్చుకుని మిగతావాటిని దానికి ఆసరాగా మాత్రమే ఉంచండి. సారాదుకాణం, పేకాట సీన్ల మీదే సాధారణంగా ముందు వేటు పడుతుంది. పేకాట తీస్తే పోలిశెట్టి దాదాపు మాయమవుతాడు, తెలిసే తీయండి.

కోసే ముందు వస్తువుల జాబితా రాసుకోండి. మధురవాణి కంటె (మెడలో నగ) ఉందా, అది రామప్పంతులు చేతిమీదుగా పెళ్లింటికి వెళ్లి, సుబ్బి పెళ్లి తప్పించడానికి కరటకశాస్త్రి పెళ్లికూతురి వేషం కట్టించిన శిష్యుడితో పాటు మాయమవుతుంది. రామప్పంతుల్ని మధురవాణి ముప్పుతిప్పలు పెట్టడానికి అదే సాకు. కంటె ఇచ్చే సీను కోసేసి, కంటె కోసం కొట్లాడే సీను ఉంచిన ప్రదర్శనలున్నాయి. కథ తెలిసినవాళ్లు సర్దుకుంటారు, పక్కన కూర్చున్న పిల్లలు "ఏం కంటె?" అని అడుగుతారు.

9. అందరికీ తెలిసిన డైలాగు వచ్చినప్పుడు

"తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి" అని అగ్నిహోత్రావధాన్లు అనేలోపే హాల్లో సగంమంది అనేస్తారు. నటుడు చప్పట్ల కోసం స్టేజీ మధ్యకొచ్చి, ప్రేక్షకుల వైపు తిరిగి, గట్టిగా అంటాడు. దీనికి మందు సులభం: ఆ మాట ఎవరికి చెప్తున్నాడో వాళ్ల మొహంలోకి చూసి అనమనండి, అంటూ నడక ఆపొద్దనండి. ఎదురుగా ఉన్నవాళ్లు ఆ మాటకి నిజంగా దెబ్బతినాలి. చప్పట్లు వస్తే రానివ్వండి, వాటికోసం ఆగడం మాత్రం వద్దు. ముందు ఒక రిహార్సల్లో ఆ మాటని గుసగుసగా అనిపించండి. అరవకుండా కూడా మొండితనం చూపించవచ్చని నటుడికి తెలిస్తే, తర్వాత అరిచినా ఆ అరుపు వేరుగా ఉంటుంది.

హ్యాంగింగ్ మైకులు పెట్టే స్టేజీ అయితే ఒక జాగ్రత్త. మైకు కిందికి నడవడానికని నటులు అనవసరపు మూవ్‌మెంట్లు అలవాటు చేసుకుంటారు. గ్రాండ్ రిహార్సల్‌కే మైకుల స్థానాలు తెలుసుకుని బ్లాకింగ్ (ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎటు నడవాలి అన్నది) సర్దండి.

10. ప్రదర్శనలు పెరిగాక

రెండో మూడో ప్రదర్శన నుంచి నటులు నవ్వొచ్చిన చోట ఒక మాట చేర్చడం మొదలుపెడతారు. మన స్టేజీకి ఇది పాత అలవాటు. కొన్నిసార్లు మేలు జరిగింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్యహరిశ్చంద్ర' కాటిసీనులో జాషువా శ్మశానవాటిక పద్యాలు చేరి, ఇప్పుడు అవి లేకపోతే జనం ఒప్పుకోరు. ఆ పద్యాలు హరిశ్చంద్రుడి మనసులోంచి వచ్చినట్టే ఉంటాయి కాబట్టి నిలిచాయి. కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి'కి జరిగింది వేరు. వేశ్యావ్యసనాన్ని ఎండగట్టడానికి రాసిన నాటకంలో సుబ్బిశెట్టి పాత్రకి ప్రదర్శనకింత చొప్పున బూతు చేరింది. ఆర్యవైశ్యుల అభ్యంతరాలు పెరిగి, చివరికి 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. రచయిత రాయని మాటల భారం రచయిత నాటకం మీద పడింది.

అందుకని పక్కనుంచి మాటలు అందించే ప్రాంప్టరు చేతికి అసలు ప్రతితో పాటు ఎర్ర పెన్ను ఇవ్వండి. ప్రదర్శన జరుగుతుంటే చేరిన ప్రతి మాటా పేజీ పక్కన రాసుకోమనండి. మర్నాడు నటులందరినీ కూర్చోబెట్టి అవి వరసగా చదవండి. ఏ మాట ఎవరి పాత్రకి ఏం కావాలన్నదానికి పనికొస్తుందో నటుడే చెప్పాలి. చెప్పగలిగితే ఉంచుకోవచ్చు, రచయిత బతికుంటే ఆయనకి ఫోన్ చేసి అడిగి. చెప్పలేకపోతే తర్వాతి ప్రదర్శనకి ఆ మాట ఉండకూడదు.